విరిగిన సమాధి రాళ్లను బాగుచేయ నేర్చుకొనుట

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 35:16–20, 2 రాజులు 23:15–18, నెహెమ్యా 2:1–5, 4:1–10, మత్తయి 23:29–31.



ఈ నెల పాఠము కొంత వేరు విధమైనది. దీనిలో వాక్యముతో పాటు సున్నము, ఇసుక, గునపము కూడ కలిసియున్నవి. ఈస్టరు దగ్గర పడుచున్నదనగా మన గ్రామములలో అందరును సమాధుల దొడ్డికి వెళ్లి ముళ్లకంపలు కొట్టి, గడ్డి పీకి, రాళ్లకు వెల్ల వేయుదురు. పునరుత్థాన ఆదివారమున తెల్లవారకముందే పూలతోను క్రొవ్వొత్తులతోను అక్కడ చేరి పాడుదురు. ఇది మంచి ఆచారము. అయితే ఆ ఒక్క వారములోనే, ప్రేమ చేతనే, పాత రాళ్లకు జరుగు నష్టము అంతింత కాదు. ఆ నష్టము చేసినవారిలో నేను మొదటివాడను. గనుక నా తప్పు ముందు చెప్పి తరువాత పాఠములోనికి వచ్చెదను.

కొన్ని ఏండ్ల క్రిందట నేను పల్నాటిలోని ఇప్పటి సంఘమునకు కాపరిగా వచ్చితిని. ఊరికి పడమట, చెరువుకట్ట దిగువన మన సమాధుల దొడ్డి యున్నది. మిషను కాలపు ఇటుక సమాధులు రెండు, వాటి చుట్టు నిలువు నాపరాళ్లు నలుబది వరకు, వాటికి ఆవల ఏ గురుతు లేని మట్టి దిబ్బలు. రాళ్లన్నియు నల్లబడి, పాచిపట్టి, కొన్ని ఒరిగి, కొన్ని రెండు ముక్కలై పడియుండెను. మొదటి ఈస్టరుకు వాటిని చక్కబరచవలెనని నాకు గొప్ప ఆసక్తి కలిగెను. యౌవనస్థులు చందాలు వేసిరి. మరుగుదొడ్లు కడుగు ఆసిడు డబ్బాలు, ఇనుప బ్రష్షులు, రెండు బస్తాల సిమెంటు తెచ్చితిమి. ఆసిడు పోయగానే రాయిమీద బుసబుస పొంగు వచ్చెను. మురికి పొంగిపోవుచున్నదని సంతోషించితిమి. పొంగినది మురికి కాదు, రాయి. నాపరాయి సున్నపురాయి జాతిది; ఆసిడు తగిలిన చోట అది కరగి వాయువై లేచిపోవును. సాయంకాలమునకు రాళ్లన్నియు తెల్లబడెను. విరిగినవాటిని సిమెంటుతో అతికి, అడుగున కాంక్రీటు పోసి నిలబెట్టితిమి. పెద్దలు మెచ్చుకొనిరి.

ఆ ఈస్టరు తెల్లవారుజామున ఎనుబది ఏండ్లకు దగ్గరపడిన ఒక తల్లి, మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చెను. ఆమె తండ్రి ఈ ఊరిలో మన పిల్లలకు మొదట అక్షరములు నేర్పిన ఉపదేశకులలో ఒకరు. ఆమె మాత్రము బడికి పోలేదు. పొలము పనులలో బాల్యము గడచిపోయెను. చదువు రాకపోయినను తండ్రి రాతిమీద చెక్కిన పేరు ఆమెకు వ్రేలితో తెలియును. ప్రతి సంవత్సరము వచ్చి, మొదటి అక్షరపు తలకట్టు మొదలుకొని కడపటి అక్షరము వరకు చూపుడు వ్రేలు పోనిచ్చి, అప్పుడు కూర్చుండి ప్రార్థన చేసికొనును. కన్నులు మందగించిన తరువాత ఆ వ్రేలే ఆమెకు దారి. ఆ దినమున ఆమె అరచేయి రాతిమీద రెండుసార్లు, మూడుసార్లు తిప్పి, నావైపు తిరిగి, “అయ్యగారూ, నన్నెవరి కాడికో తీసుకొచ్చినారు. మా నాయన రాయి కాడికి తీసుకపోండి” అనెను.

ఆమె నిలుచున్నది తండ్రి రాయి ముందరనే. నాకు నోట మాట రాలేదు. ఆ దినము ప్రసంగము ఏమి చెప్పితినో నాకు జ్ఞాపకము లేదు.

రెండు వానకాలములు గడచునప్పటికి మా సిమెంటు పని సంగతియు బయటపడెను. కాంక్రీటులో బిగించిన మూడు పలకలు కాంక్రీటుకు సరిగా పైన మరల విరిగినవి. అతికిన మరియొకటి అతుకు దగ్గర గాక, అతుకు ప్రక్కన మంచి రాతిలో చీలెను. సెమినరీలో మాకు భూస్థాపన ఆరాధన క్రమము నేర్పిరి గాని, భూస్థాపన తరువాత నిలబెట్టు రాయి సంగతి ఎవరును నేర్పలేదు. గనుక నేర్పువాడెవడని వెదకితిని.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మన ప్రాంతమున అందరికి తెలిసినవే. అక్కడ విచారింపగా ఒక ముసలి తాపీమేస్త్రి పేరు చెప్పిరి. ఆయన తాతతండ్రులు గుడి ప్రాకారములకు, బావులకు గానుగ సున్నపు పని చేసినవారు. మన మతస్థుడు కాడు. అయినను దొడ్డి గుమ్మము దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చెను. మా సిమెంటు అతుకులను గోటితో గీకి చూచి, “రాయికంటె గార మెత్తగుండాలయ్యా. ఏదో ఒకటి ఇరగాల్సి వస్తే గార ఇరగాల, రాయి నిలవాల. మీరు దాన్ని తిరగేసినారు” అనెను. కూలి అడుగలేదు, సున్నము దంచుటకు కుర్రవాళ్లు ప్రతి శనివారము వత్తురా అని మాత్రము అడిగెను. ఆ శనివారములలో నేర్చినదే మీకు వ్రాయుచున్నాను.

పనిలోనికి పోకముందు ఒక ప్రశ్న ఉన్నది. మా యౌవనస్థుల నాయకుడు దానిని సూటిగా వేసెను: “అయ్యగారూ, మృతులు తమ మృతులను పాతిపెట్టుకొననిమ్మని ప్రభువు చెప్పెను గదా. ప్రవక్తల సమాధులు కట్టి, వాటిని శృంగారించినవారిని ఆయన గద్దించెను గదా. ఈ డబ్బు ఒక విధవరాలి ఇంటికప్పుకు వేసినయెడల మేలు కాదా?” ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మత్తయి 23వ అధ్యాయము చదువుడి. అక్కడ ప్రభువు తప్పుపట్టినది రాతిపనిని కాదు. చనిపోయిన ప్రవక్తకు సమాధి కట్టుచు, బ్రదికియున్న ప్రవక్తను చంప చూచు వేషధారణను. కాని ఆ హెచ్చరిక మనకును తగులును. తల్లి బ్రదికియుండగా గంజి పోయనివాడు ఆమె చనిపోయిన తరువాత నల్లరాతి పలకలతో సమాధి కట్టించుట మనము చూడలేదా? నేను చూచితిని. గనుక ఆ కప్పు పని ముందు చేసితిమి; రాళ్ల పని తరువాత మొదలుపెట్టితిమి. మాది ఖర్చు తక్కువ పనియే. సున్నము, ఇసుక, మన రెక్కలు.

మోషే సమాధి ఎక్కడనో ఎవరికిని తెలియదని ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము చెప్పుచున్నది. దేవునికి రాయి అక్కరలేదు. ఆయన గురుతు లేని దిబ్బలలోనివారిని ఎరుగును. రాయి మనకొరకే. యాకోబు రాహేలును దారిలో పాతిపెట్టెను. అతడు ప్రయాణస్థుడు, ప్రతి సంవత్సరము అక్కడికి రాగలవాడు కాడు. అయినను స్తంభము నిలిపెను. ఆ దారిన పోవువారు చూచుటకు నిలిపెను.

రాజుల రెండవ గ్రంథము 23వ అధ్యాయము నాకు ఈ పనిలో మరి ఎక్కువగా తోడ్పడినది. యోషీయా బేతేలులో సమాధులను త్రవ్వించి ఎముకలు కాల్పించుచున్నాడు. అంతలో ఒక గురుతు అతని కంటబడెను. అది ఏమని అడిగెను. ఆ ఊరివారు, యూదానుండి వచ్చి ఈ సంగతులన్నియు ముందుగా చెప్పిన దైవజనుని సమాధి అని చెప్పిరి. దానిని ముట్టవద్దని రాజు ఆజ్ఞాపించెను. ఆ దైవజనుడు వచ్చినది యరొబాము దినములలో. నడుమ సుమారు 300 సంవత్సరములు గడచినవి. రాయి నిలిచియుండెను, దాని సంగతి చెప్పగల ఊరివారును ఉండిరి. రెండును ఉండబట్టి ఆ ఎముకలు నిలిచినవి. ఒకటే ఉన్నయెడల చాలదు. అక్కడ గురుతు అను దానికి వాడిన హెబ్రీ మాట సియ్యూన్. అదే మాట యిర్మీయా 31:21లో బాటసారి దారి తెలిసికొనుటకు నిలుపుకొను గురుతురాళ్లకును వాడబడెను. సమాధి రాయియు దారి గురుతును ఒకే మాట. ఆ తల్లి వ్రేలికి నేను తీసివేసినది ఆ దారి గురుతే.

ఇక పని. మొదట ఏ రాయి? ఇందు విషయమై మా పెద్దలలో వాదము పుట్టెను. దొరగారి ఇటుక సమాధులు ముందు బాగుచేయవలెను, దేశాంతరమునుండి ఎవరైన చూడ వత్తురేమో అని కొందరనిరి. దొరల సేవను తక్కువ చేయుట నా అభిప్రాయము కాదు. విశాఖపట్నమునకు 1805లో వచ్చి, తెలుగులో సువార్తల తర్జుమా మొదలుపెట్టిన క్రాన్, డెగ్రాంజి గార్లు 1809లో ఒకరు, 1810లో ఒకరు ఈ దేశమందే మరణించిరి. గుంటూరునకు 1842లో వచ్చి, 1849లో గురజాలకు చేరిన హయ్యరు గారి పేరు పల్నాటిలో ఎవరికి తెలియదు? కాని ఒక సంగతి ఆలోచించుడి. బందరులో బడి పెట్టిన రాబర్టు నోబుల్ గారు 1865లో చనిపోయిరి. ఆయన పేరు నేటికిని నిలిచియున్నది. దానికి ముందటి సంవత్సరము, 1864 నవంబరు 1న, అదే బందరును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. వారిలో ఎందరికి రాయి ఉన్నది?

గనుక మేము హోదాను బట్టి గాక అపాయమును బట్టి వరుస పెట్టితిమి. ఒరిగి పడిపోనున్న రాళ్లు ముందు. మేకలు తోలుకొని వచ్చు పిల్లలు వాటికి ఆనుకొని కూర్చుందురు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళముల మందము గల నాపరాతి పలక సుమారు 150 కిలోల బరువుండును. అది పిల్లవానిమీద పడినయెడల ఏమగునో చెప్పనక్కరలేదు. తరువాత అక్షరములు రాలుచున్న రాళ్లు. ఆ తరువాత మిగిలినవి. ఒక పెద్దమనిషి కోపగించి మూడు వారములు కూటమునకు రాలేదు. నాలుగవ వారము వచ్చి, పలక లేవనెత్తుటకు తన ఎడ్లబండి మోకు తెచ్చి ఇచ్చెను.

ఏ రాతిని కదిలింపకముందును దాని ఫోటో తీయుడి. ఇప్పుడు ప్రతి యింట ఫోను ఉన్నది గనుక ఇది కష్టము కాదు. ముక్కలకు సుద్దతో గాని రంగుతో గాని అంకెలు వేయవద్దు. కాగితముమీద బొమ్మ గీసి అక్కడ అంకెలు వేయుడి. నలిగిన అక్షరములు చదువుటకు మిట్టమధ్యాహ్నము పనికిరాదు. ఉదయమో సాయంకాలమో ఎండ ఏటవాలుగా పడునప్పుడు చూడుడి. లేదా ఇంటి అద్దము ఒకటి తెచ్చి, ప్రక్కనుండి వెలుగు రాతిమీద పారునట్లు పట్టుడి. నున్నగా కనబడిన రాతిలో నీడలు లేచి పేరు బయటికి వచ్చును. కనబడిన అక్షరములను మేకుతో గీకి లోతు చేయుట, నల్లరంగు నింపుట వద్దు. తప్పు చదివి తప్పు చెక్కినయెడల ఆ తప్పే నిలిచిపోవును. దొరల సమాధుల వ్రాతలు చెరిగినచో, 1905లో మద్రాసున అచ్చయిన జె. జె. కాటన్ గారి సమాధి శాసనముల పుస్తకములో దొరకవచ్చును. మన ఉపదేశకుల రాళ్ల వ్రాతలు మాత్రము అట్టి పుస్తకములలో వెదకి లాభము లేదు. అవి రాతిమీదనే ఉన్నవి. అందుకే ఫోటో ముందు, బ్రష్షు తరువాత.

కడుగుటకు నీరే. ముందు వ్రేలి కణుపుతో రాతిని తట్టి చూడుడి. గట్టి చప్పుడు వచ్చిన కడుగవచ్చును. డొల్ల చప్పుడు వచ్చినచో పై పొర విడిపోయియున్నదని అర్థము, దానిని ముట్టవద్దు. నాపరాయి పుస్తకములోని కాగితములవలె పొరలు పొరలుగా ఏర్పడినది. పైఅంచున నీరు దిగి, పొరల మధ్య నిలిచి, ఒక్కొక్క పొరను విడదీయును. అక్షరములు ఆ పై పొరతోనే పోవును. గట్టిగా ఉన్న రాతిని బాగుగా తడిపి, కాసేపు నాననిచ్చి, మెత్తని కుంచెతో క్రిందనుండి పైకి రుద్దుడి. పాచి పెళ్లలను వెదురు బద్దతో లేపుడి. ఇనుప బ్రష్షు వద్దు. ఆసిడు వద్దని మరల చెప్పనక్కరలేదు. బట్టలసోడా, సబ్బుపొడి కూడ వద్దు. వాటి ఉప్పు రాతిలోనికి దిగి, ఎండినప్పుడు గట్టిపడి, పై పొరను పొక్కించి రాల్చును. రాయి కొత్తదానివలె తెల్లబడవలెనని ఆశింపకుడి. చదువుటకు వీలైన చాలును.

ఇప్పుడు సున్నము. ఇది నాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించిన భాగము. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిని కాల్చగా అందులోని బొగ్గుపులుసు వాయువు పోవును. 100 కిలోల శుద్ధమైన రాయి 56 కిలోల గుల్ల సున్నమగును; తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోయినవి. ఆ గుల్లను నీటిలో వేయగా ఉడుకెత్తి, పగిలి, వెన్నవంటి ముద్దయగును. దానిని ఇసుకతో కలిపి అతుకులో పెట్టిన తరువాత అది నెలల తరబడి గాలినుండి ఆ వాయువునే తిరిగి పీల్చుకొని మరల రాయి అగును. సిమెంటు అట్లు కాదు. అది నాపరాతికంటెను పాత ఇటుకకంటెను బిర్రుగా పట్టుకొని, తడిని బయటికి పోనియ్యదు. రాతిలో దిగిన వాననీరు అతుకు గుండ బయటపడలేక రాతినే పగులగొట్టి బయటపడును. ఎండకు రాయి సాగి, చలికి ముడుచుకొనునప్పుడు సున్నపు అతుకు దానితో కూడ కొద్దిగా కదలును, సిమెంటు కదలదు. మా పలకలు అతుకు ప్రక్కన విరిగిన కారణము ఇదియే.

దీనిని తెలిసికొన్న తరువాత నెహెమ్యా 4:2లో సన్బల్లటు చేసిన ఎగతాళి నాకు కొత్తగా అర్థమైనది. కాలిపోయిన రాళ్లను చెత్తకుప్పలలోనుండి మరల బ్రదికింతురా అని అతడు నవ్వెను. యెరూషలేము చుట్టు సున్నపురాళ్ల కొండలు. సున్నపురాయి మంటలో పడినయెడల బలము పోయి గుల్ల అగునని ఆ ఎగతాళి చేసినవానికి తెలియును. అది ఊరక అన్న మాట కాదు. పనివాని నోట వచ్చు మాట. అదే అధ్యాయము 10వ వచనములో యూదావారే, బరువులు మోయువారి బలము తగ్గెను, చెత్త యెక్కువగా ఉన్నది అని వాపోయిరి. మా శనివారముల పని మూడవ నెలలో మేమును సరిగా అట్లే అంటిమి.

గుల్ల సున్నమును తడుపునప్పుడు జాగ్రత్త. నీటిలో సున్నము వేయవలెను గాని, సున్నముమీద నీరు పోయకూడదు, చిమ్మును. పిల్లలను దూరముగా నుంచుడి, కన్నులకు అద్దములు పెట్టుకొనుడి. కంటిలో పడిన చూపు పోవచ్చును. వెంటనే చాలసేపు మంచినీటితో కడిగి వైద్యునియొద్దకు పొండు. తడిసిన ముద్దను నీరు ఆరనియ్యక గుంటలో ఎన్ని నెలలుంచిన అంత మేలు. మా మేస్త్రి ఒక పాలు సున్నమునకు రెండున్నర మొదలు మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక కలుపును. సముద్రపు ఇసుక పనికిరాదు, ఉప్పు. తేమగల చోట బాగుగా కాలిన ఇటుకల పొడి కలుపును. దానివలన గార తడిలోను గట్టిపడును. కరక్కాయలు నానిన నీరు, బెల్లపు నీరు కూడ పోయును; కొలత ఎంతని అడిగితే చెయ్యి చూపించును. ఆ కొలత నాకు ఇంకను పట్టుబడలేదు.

గార పెట్టిన చోట తడి గోనెపట్టాలు కప్పి, నీడ చేసి, కనీసము పది దినములు తడి ఆరకుండ చూడవలెను. త్వరగా ఎండిన గార పిండివలె రాలును. గనుక ఎండకాలమున ఈ పని చేయరాదు, జోరువానలలోను చేయరాదు. కార్తీకము మొదలు సంక్రాంతి వరకు మంచి కాలము. ఈస్టరు ముందటి వారములో సున్నపు పని మొదలుపెట్టువాడు నావలెనే త్వరపడినవాడు.

విరిగి పడిన పలకను నిలుపుటకు కాంక్రీటు అక్కరలేదు. పొడవులో మూడవ వంతు భూమిలోనికి పోవునట్లు గుంట త్రవ్వి, అడుగున కంకర పరచి, పలక నిలిపి, చుట్టు కంకర, ఇసుక కొద్దికొద్దిగా పోసి దిమ్మిస చేయుడి. రసమట్టము పెట్టి చూచుచు చేయుడి. నీరు క్రిందికి దిగిపోవును. నేల కొంచెము కదలినను రాయి దానితో కదలును గాని విరుగదు. ఎత్తునప్పుడు నడుములు విరుచుకొనకుడి. గునపములు, కొయ్య చీలికలు, మోకు. రాయి క్రింద చెయ్యి పెట్టకముందు కర్రతో కదిపి చూడుడి. మా దొడ్డిలో ఒక పలక క్రింద నాగుపాము ఉండెను. దానిని తన దారిన పోనిచ్చితిమి.

రెండు ముక్కలైనదానిని అతుకుటకు పూర్వము ఇనుప కడ్డీలు దూర్చెడివారు. ఇనుము తుప్పు పట్టినప్పుడు అనేక రెట్లు ఉబ్బి రాతిని లోపలినుండి చీల్చును. మందమైన రాతికి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వేయవచ్చును. పలుచని నాపరాతికి రంధ్రము వేయుటయే అపాయము. ఎపాక్సీ జిగురు అంగళ్లలో దొరకును. ముక్కల అంచులు శుభ్రముగా, పొడిగా ఉన్నప్పుడు, అంచుకు కొంత లోపలగా పలుచగా పూసి, ముక్కమీద ముక్క నిలువుగా పేర్చి, కదలకుండ కట్టి, ఆరనియ్యవలెను. పై గీతను రాతిపొడి కలిపిన సున్నపు గారతో నింపవలెను. మా మేస్త్రికి ఇది నచ్చదు. తరువాత వచ్చువాడు విప్పలేని అతుకు వేయరాదని ఆయన మాట. నేను రెండు రాళ్లకు మాత్రము వాడితిని. మిగిలినవాటికి ఏటవాలు ఇటుక దిమ్మె కట్టి, ముక్కలను దానిమీద సున్నములో పరుండబెట్టితిమి. నిలువుగా ఉండిన రాయి పరుండుట కొందరికి నచ్చలేదు. కాని పేరు చదువుటకు వీలగుచున్నది.

ఇటుక సమాధులలో రావిమొక్కలు వేరుదన్నియున్నవి. వాటిని లాగకుడి; వేరుతో కూడ గోడ వచ్చును. మొదలంట కోసి, చిగిర్చినప్పుడెల్ల మరల కోయుచు, లోపలి వేరు ఎండిన తరువాత తీసి, సందులలో పలుచని సున్నపు గార పోయవలెను. దీనికి ఓపిక కావలెను. మా రెండవ సమాధిలోని రావి ఇంకను చావలేదు. మేము పెట్టిన సిమెంటును కూడ అంతట పెరికివేయలేదు. వదులైన చోట తీసితిమి; గట్టిగా పట్టుకొనిన చోట తీయబోయిన రాయి వచ్చుచున్నది గనుక విడిచిపెట్టితిమి. బందరు డచ్చివారి సమాధులవలె పురావస్తు శాఖవారి పలక ఉన్న చోట మనము చెయ్యి పెట్టరాదు. వారికి వ్రాసి తెలుపవలెను.

రాయి లేని దిబ్బల సంగతి నన్ను ఎక్కువ బాధించెను. మన తాతతండ్రులలో అధికులు అక్కడనే ఉన్నారు. రాయి కొనలేనివారు, ఊరిలో అందరి బావినుండి నీళ్లు తోడుకొన నోచనివారు. గుడిలోని చెక్కపెట్టెలో పాత భూస్థాపన రిజిష్టరులు చెదలు తినగా మిగిలియుండెను. వాటిలోను అనేకుల పేర్లు లేవు. ఫలానివాని భార్య, ఫలానివాని బిడ్డ అని మాత్రమున్నది. ముసలివారిని మంచములమీద నుండి లేపి, కొందరిని మోసికొని, దొడ్డి అంతయు త్రిప్పితిమి. ఇది మా మేనత్తది, ఇది కలరా సంవత్సరములో పోయిన కవలలది అని వారు చూపిన చోట్లను పటముమీద అంకెలతో వ్రాసితిమి. ఇద్దరు ఒకే దిబ్బను తమదని చెప్పినప్పుడు ఇద్దరి మాటయు వ్రాసితిమి. ఈ పటము మరియొక విధమునను పనికివచ్చెను. దొడ్డి హద్దు ప్రక్కవారి నాగలికి ఏటేట ఒక సాలు లోపలికి వచ్చుచుండెను. అధికారులు కొలుచుటకు వచ్చినప్పుడు ఆ పటమును, ఫోటోలను చూపితిమి. మీ సంఘములో ముసలివారు బ్రదికియుండగానే ఈ పని చేయుడి. మా పటము పూర్తియైన సంవత్సరమే అందులో చోట్లు చూపినవారిలో నలుగురు ఆ పటములోనికే వెళ్లిరి.

ఆ తల్లి తండ్రి రాయి విషయము చివరకు మిగిలెను. ఆసిడు తినివేసిన అక్షరములు తిరిగి రావు. అద్దము పట్టి చూచితిమి. మూడవ అక్షరపు అడుగు మాత్రము కొంచెము నీడ ఇచ్చెను. ఆ రాతినే మరల చెక్కింపవలెనని నాకు తోచెను గాని మేస్త్రి ఒప్పుకొనలేదు. పై పొర డొల్లగా ఉన్నది, ఉలి తగిలిన ఊడిపోవును. గనుక పాత రాతిని అట్లే ఉంచి, దాని పాదముల దగ్గర చిన్న నాపపలక ఒకటి వేసితిమి. రిజిష్టరులోని పేరును సంవత్సరమును దానిమీద, వ్రేలు దిగునంత లోతుగా చెక్కించితిమి. ఖర్చు నా జీతములోనుండి ఇచ్చితిని. సంఘము ఇచ్చెదననెను గాని నేను ఒప్పలేదు.

పని ముగిసిన సాయంకాలము ఆమెను తీసికొని వచ్చితిమి. నేను చేసినదంతయు ఆమెకు ముందుగానే చెప్పి క్షమాపణ కోరితిని. ఆమె ఏమియు అనియుండలేదు. ఆమె వంగి కొత్త పలకమీద వ్రేలు పెట్టి, తలకట్టు మొదలుకొని నెమ్మదిగా పోనిచ్చెను. మూడవ అక్షరము దగ్గర ఆగెను. మరల మొదటినుండి వచ్చి మరల అక్కడనే ఆగెను.

“ఇది కొత్త చెయ్యి అయ్యగారూ” అనెను. “పాతదాంట్లో ఈడ తోక పొడుగ్గా ఉండేది.”

మేస్త్రి అది విని, సంచిలోనుండి ఉలి తీసి, ఆమె ప్రక్కన కూర్చుండి, “ఎంత పొడుగమ్మా? నా అరచేతిలో గీసి చూపించు” అనెను.